టెక్ సందేహాలు: టూరింగ్ బైక్ అమ్మేముందు, మరొకటి కొనేముందు

ప్రశ్న: చాలా ఏళ్లుగా దూరప్రయాణాలకు వాడిన టూరింగ్ బైక్‌ను అమ్మదలచుకున్నాను. దానికి రంగుల తెర, కంపెనీ యాప్, దొంగతనం జరిగితే ఆచూకీ చెప్పే ట్రాకర్ ఉన్నాయి. కొన్నవారికి అన్నీ ఉన్నవి ఉన్నట్లే అప్పగించవచ్చా?

జవాబు: అప్పగించకూడదు. బండి తెరలో మీ ఫోన్ పేరు తప్ప మరేమీ మిగలదని చాలామంది అనుకుంటారు. మోడల్‌ను బట్టి కాంటాక్టుల జాబితా, ఇటీవలి కాల్స్, నావిగేషన్‌లో ఇల్లుగా గుర్తుపెట్టిన చిరునామా, మీరు తిరిగివచ్చిన దారులు కూడా అందులో నిలిచి ఉంటాయి. ముక్కూమొహం తెలియనివారికి మీ ఇంటి చిరునామాతో పాటు మీరు ఎప్పుడెప్పుడు ఎక్కడికి వెళతారో కూడా రాసిచ్చినట్లవుతుంది.

ఈ శుభ్రతకు ఒక వరుస ఉంది. మొదట కంపెనీ యాప్‌లోకి వెళ్లి మీ ఖాతా నుంచి ఆ బండిని తొలగించాలి. ఫోన్‌లో యాప్‌ను తీసివేస్తే సరిపోతుందనుకోవద్దు. యాప్ పోయినా బండి ఛాసిస్ నంబరు కంపెనీ సర్వర్‌లో మీ పేరుతోనే ముడిపడి ఉంటుంది, దానివల్ల కొన్నవారు తమ ఖాతాలో ఆ బండిని చేర్చుకోలేకపోవచ్చు. కొన్ని వ్యవస్థలు ఈ మార్పును బండి ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ధ్రువీకరించమని అడుగుతాయి కాబట్టి, బండి మీ దగ్గర ఉన్నప్పుడే ఈ పని ముగించాలి. ఆ తరువాత తెరలోని బ్లూటూత్ జాబితాలో ఉన్న ఫోన్లను, హెల్మెట్ ఇంటర్‌కామ్‌లను ఒక్కొక్కటిగా తొలగించి, చివరగా ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఈ రీసెట్ వల్ల ఓడోమీటర్ అంకె మారదు, ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చెరిగిపోవు. అది మీ సొంత సమాచారానికి మాత్రమే సంబంధించినది. విడిగా బిగించిన జీపీఎస్ పరికరం ఉంటే అందులోని పాత ప్రయాణాలను కూడా చెరపాలి. డ్యాష్‌క్యామ్ మెమరీ కార్డును మాత్రం ఇవ్వకపోవడమే మంచిది, ఎందుకంటే త్వరిత ఫార్మాట్ చేసిన కార్డు నుంచి పాత వీడియోలను తిరిగి రాబట్టడం కష్టమేమీ కాదు.

ట్రాకర్ విషయంలో మొహమాటం పనికిరాదు. అమ్మిన తరువాత కూడా ఆ బండి ఎక్కడుందో మీ ఫోన్‌లో కనిపిస్తూ ఉంటే అది మరొకరి కదలికలపై నిఘా అవుతుంది. రేపు ఆ బండికి ఏదైనా జరిగితే మీకే చిక్కు. ఖాతాను, సిమ్ చందాను కొన్నవారి పేరుకు మార్చాలి, లేదా పరికరాన్ని విప్పేయాలి. అది పాత 3జీ ట్రాకర్ అయితే అసలు పనిచేస్తోందో లేదో చూడండి. అమెరికాలో ప్రధాన టెలికాం సంస్థలు 2022లో 3జీ సేవలను ఆపివేసినప్పుడు, ఆ నెట్‌వర్క్‌ల మీదే ఆధారపడిన పరికరాలు మూగబోయాయి. తాళాలన్నిటినీ, వాటితో వచ్చిన కోడ్ బిళ్లను కూడా ఇవ్వడం మరిచిపోకండి. కీలెస్ బండికి ఒక తాళం తక్కువైతే కొనేవారు ఆ ఖర్చును బేరంలో రెట్టింపు చేసి కోస్తారు.

ప్రశ్న: నా బండికి అదనపు దీపాలు, వేడెక్కే హ్యాండిల్ గ్రిప్పులు, కొత్త సైలెన్సర్ పెట్టించి, ఇంజిన్ ట్యూనింగ్ కూడా మార్పించాను. వీటికి పెట్టిన ఖర్చు అమ్మకంలో తిరిగి వస్తుందా?

జవాబు: చాలావరకు రాదు. మీ అభిరుచికి మీరు చెల్లించిన ధరను మరొకరు చెల్లించరు. గ్రిప్పులు, సామాన్ల పెట్టెలు, మంచి సీటు బండిని త్వరగా అమ్ముడయ్యేలా చేస్తాయే తప్ప ధరను పెద్దగా పెంచవు. ట్యూనింగ్ మార్పు అయితే అనుమానాన్ని పెంచుతుంది. వీలైతే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ)లో కంపెనీ ఇచ్చిన అసలు ప్రోగ్రామును తిరిగి ఎక్కించి, అసలు సైలెన్సర్‌ను కూడా జతచేసి ఇవ్వండి.

నేను ఎక్కువగా చూసేది వైరింగ్. ఇప్పటి టూరింగ్ బైక్‌లలో అనేక విభాగాలు క్యాన్ బస్ అనే ఉమ్మడి తీగల మీద సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ వ్యవస్థకు తగిన కంట్రోలర్ లేకుండా తీగను కోసి దీపం తగిలిస్తే, సంబంధం లేని చోట హెచ్చరిక దీపాలు వెలుగుతాయి. అదనపు పరికరాలు బ్యాటరీని తాగేస్తాయి కూడా. బండి ఆపిన తరువాత 10 మిల్లీయాంపియర్ల కరెంటు నిరంతరం పోతూ ఉంటే 30 రోజుల్లో 7.2 యాంపియర్ అవర్లు ఖర్చవుతాయి. 12 యాంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా అలాగే ఖాళీ అవుతుంది. కొనేవారు వచ్చిన రోజున బండి స్టార్ట్ కాకపోతే ఇక ఎంత నచ్చజెప్పినా లాభం ఉండదు. ఛార్జ్ చేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీని కొన్ని గంటలు కదపకుండా ఉంచి మల్టీమీటర్‌తో కొలిస్తే 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. మరుసటి వారానికే అది బాగా పడిపోతే బ్యాటరీనైనా, ఆ కరెంటును లాగుతున్న పరికరాన్నైనా పట్టుకోవలసిందే.

ప్రశ్న: ఆన్‌లైన్ ప్రకటనలో ఏయే వివరాలు ఇవ్వాలి, వేటిని దాచాలి?

జవాబు: లోపాలను దాచవద్దు, మీ గుర్తింపును దాచండి. చాలా ఫోన్లు ఫోటోతో పాటు అది తీసిన స్థలం వివరాలను కూడా ఫైల్‌లో చేరుస్తాయి. ఆ ఫైల్‌ను మెసేజ్‌లో ఎవరికైనా నేరుగా పంపితే మీ షెడ్డు ఎక్కడుందో తెలిసిపోవచ్చు. అందువల్ల లొకేషన్ ఆపి ఫోటోలు తీయండి. నంబరు ప్లేటును మసకబరచండి. 17 అక్షరాంకెల ఛాసిస్ నంబరును ప్రకటనలో పూర్తిగా పెట్టకుండా, నిజంగా ఆసక్తి చూపినవారు అడిగినప్పుడు ఇవ్వండి. చల్లబడిన ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తున్న వీడియో, ఇగ్నిషన్ ఆన్ చేయగానే హెచ్చరిక దీపాలన్నీ వెలిగి, ఏ దీపం ఎప్పుడు ఆరాలో అప్పుడు ఆరే వీడియో, పది పొగడ్తల కన్నా ఎక్కువ పనిచేస్తాయి. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలను దగ్గరగా ఫోటో తీయండి. అక్కడ 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. గాడులు లోతుగా ఉన్నా రబ్బరు పాతబడి ఉంటే తెలిసినవారు ఎలాగూ పట్టుకుంటారు.

డబ్బు చెల్లించినట్లు చూపే స్క్రీన్‌షాట్‌ను గానీ, వచ్చిన మెసేజ్‌ను గానీ నమ్మవద్దు. మీ బ్యాంకు యాప్‌ను మీరే తెరిచి, సొమ్ము జమ అయిందని చూసుకున్నాకే తాళాలు చేతికివ్వండి.

ప్రశ్న: ఆరు సిలిండర్ల పెద్ద టూరింగ్ బైక్ బరువు ఇక నా వల్ల కావడం లేదు. దాని స్థానంలో తేలికైనదాన్ని కొనాలి. పెద్ద తెర, ముందున్న వాహనాన్ని బట్టి వేగాన్ని తానే సర్దుకునే రాడార్ క్రూయిజ్ కంట్రోల్ ఉన్నవాటి వైపు మనసు లాగుతోంది. దేనికి ప్రాధాన్యం ఇవ్వాలి?

జవాబు: తరువాత తగిలించుకోలేనిదానికి ప్రాధాన్యం ఇవ్వండి. తెర ఆ కోవలోకి రాదు. ఫోన్‌లోని మ్యాప్‌ను బండి తెర మీద చూపే యాపిల్ కార్‌ప్లేను మోటార్‌సైకిల్‌లోకి తొలిసారి తెచ్చిన 2018 హోండా గోల్డ్ వింగ్ అప్పట్లో అబ్బురంగా అనిపించింది. ఇప్పుడు కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో చూపే చిన్న తెరలు విడిగా దొరుకుతున్నాయి, ఏ బండి హ్యాండిల్‌కైనా బిగించుకోవచ్చు. పైగా బండితో వచ్చిన తెర ఎంత పెద్దదైనా మీకు కావలసిన మ్యాప్‌ను చూపుతుందన్న హామీ లేదు. బీఎండబ్ల్యూ ఆర్ 1250 ఆర్‌టీకి 2021లో 10.25 అంగుళాల తెర వచ్చింది, కానీ మ్యాప్ కావాలంటే ఆ కంపెనీ యాప్‌నే వాడాలి. 6.5 అంగుళాల తెర ఉన్న హోండా ఎన్‌టీ1100 కార్‌ప్లేను, ఆండ్రాయిడ్ ఆటోను చూపుతుంది. షోరూములో చేతి తొడుగులు వేసుకుని మెనూలు తిప్పి చూడండి. ఒక చిన్న మార్పు కోసం నాలుగు పొరల లోపలికి వెళ్లవలసి వస్తే, కదిలే బండి మీద ఆ తెర అక్కరకు రాదు.

తగిలించుకోలేనివాటిలో మొదటిది వంపును గుర్తించే ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ. మలుపులో బండి ఒరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకును గట్టిగా నొక్కితే బండి నిటారుగా లేచి వెలుపలికి దూసుకుపోవాలని చూస్తుంది, లేదా టైరు పట్టు వదిలేస్తుంది. ఒరిగిన కోణాన్ని కొలిచే సెన్సర్ ఉంటే కంప్యూటర్ ఆ కోణానికి తగినట్లు బ్రేకు ఒత్తిడిని నియంత్రిస్తుంది. బాష్ రూపొందించిన ఈ వ్యవస్థ కేటీఎం 1190 అడ్వెంచర్ 2014 మోడల్‌తో రోడ్ల మీదకు వచ్చింది, కాబట్టి కొన్నేళ్లు వాడిన బండ్లలో కూడా ఇది దొరుకుతుంది. వంపు సెన్సర్ ఉన్నా రాడార్ లేని కొత్త బండికీ, వంపు సెన్సర్ లేని చవకైన బండికీ మధ్య ఎంచుకోవలసి వస్తే నేను సందేహించకుండా మొదటిదే కొంటాను.

రాడార్‌ను తీసిపారేయడం లేదు. డుకాటీ మల్టీస్ట్రాడా వీ4 2020లో ముందూ వెనుకా రాడార్లతో వచ్చినప్పటి నుంచి ఇది టూరింగ్ బైక్‌లకు పాకుతోంది. పొడవైన రహదారుల మీద మణికట్టుకు నిజంగానే విశ్రాంతినిస్తుంది. అయితే దాన్ని అత్యవసర బ్రేకుగా భావించకూడదు. ఇలాంటి వ్యవస్థల్లో చాలావాటికి ఆగి ఉన్న వాహనం పట్టదు, బాగా ఒరిగిన మలుపులో ముందున్న వాహనం దాని చూపు నుంచి జారిపోవచ్చు. బండి పడితే ముందు భాగంలోని ఆ సెన్సర్‌ను తిరిగి సరిచేయించే ఖర్చు కూడా ఉంటుంది. మీ ప్రయాణాల్లో ఎక్కువ భాగం కొండదారులైతే మామూలు క్రూయిజ్ కంట్రోల్ చాలు.

మీరు బరువు గురించి అడిగారు కాబట్టి అంకెలు చూద్దాం. ఆరు సిలిండర్ల 1833 సీసీ గోల్డ్ వింగ్ రకాన్ని బట్టి సుమారు 365 నుంచి 390 కిలోలు తూగుతుంది. ఆర్ 1250 ఆర్‌టీ 279 కిలోలు, ఎన్‌టీ1100 మాన్యువల్ గేరు రకం 238 కిలోలు, యమహా ట్రేసర్ 9 జీటీ 2021 మోడల్ దాదాపు 220 కిలోలు. ఈ తేడా బండి నడిచేటప్పుడు కన్నా, ఏటవాలు నేల మీద దాన్ని వెనక్కు నెట్టేటప్పుడు బాగా తెలుస్తుంది. గోల్డ్ వింగ్‌లోని రివర్స్ సౌకర్యం వీటిలో ఉండదు. ఎత్తుగా ఉన్న తేలిక బండి కన్నా సీటు తక్కువగా ఉన్న బరువు బండిని నిలబెట్టడం కొందరికి సులువు కాబట్టి, సామాన్ల పెట్టెలు నింపి, వెనుక మనిషిని కూర్చోబెట్టి మరీ పరీక్షించండి. క్లచ్ నొక్కే చెయ్యి కూడా ఇబ్బంది పెడుతూ ఉంటే ఎన్‌టీ1100లో దొరికే, క్లచ్ నొక్కే పని లేని డీసీటీ గేరుపెట్టె మంచి మార్గం, కాకపోతే బరువు మరో 10 కిలోలు పెరుగుతుంది. ఇంకొక సంగతి: ఎన్‌టీ1100, ట్రేసర్ రెండూ చైన్ బండ్లు. చైన్ బదులు ఇరుసుతో చక్రాన్ని తిప్పే షాఫ్ట్ డ్రైవ్‌కు అలవాటుపడినవారికి ప్రయాణం మధ్యలో చైన్‌కు నూనె పెట్టడం కొత్త పని.

కరెంటుతో వేడెక్కే జాకెట్ వాడేవారైతే, బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ సామర్థ్యం కూడా అడగండి. జాకెట్ ఒక్కటే దాదాపు 80 వాట్లు లాగుతుంది, దానికి దీపాలు, గ్రిప్పులు తోడైతే చిన్న బండి తట్టుకోలేకపోవచ్చు.

వాడిన బండినే తీసుకుంటే, అందులో ఏ సాఫ్ట్‌వేర్ సౌకర్యాలకు డబ్బు చెల్లించారో లిఖితపూర్వకంగా తెలుసుకోండి. కేటీఎం కొన్ని మోడళ్లలో అదనపు సౌకర్యాలను మొదటి 1500 కిలోమీటర్లు డెమోగా తెరిచి ఉంచుతుంది. ఆ తరువాత డబ్బు కట్టినవే మిగులుతాయి. టెస్ట్ రైడ్‌లో కనిపించిన సౌకర్యం ఇంటికి వచ్చాక మాయమైతే అమ్మినవారితో గొడవపడి లాభం లేదు.

ప్రశ్న: కొత్త బండి తెర నాకు నచ్చలేదు. ఫోన్‌నే హ్యాండిల్‌కు బిగించి మ్యాప్ చూసుకుంటే నష్టమా?

జవాబు: ఫోన్ కెమెరాకు నష్టం జరగవచ్చు. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజిన్ల ప్రకంపనలు హ్యాండిల్ ద్వారా చేరి ఐఫోన్ కెమెరాలో ఫోటో చెదరకుండా చూసే ఆప్టికల్ స్టెబిలైజేషన్‌ను, ఆటోఫోకస్‌ను పాడుచేయవచ్చని యాపిల్ 2021లో స్వయంగా హెచ్చరించింది. అలాంటి కెమెరా ఉన్న ఏ ఫోన్‌కైనా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. ప్రకంపనలను తగ్గించే మౌంటు కొంత మేలు చేస్తుంది. అంతకన్నా చవకైన దారి, పక్కన పడేసిన పాత ఫోన్‌లోకి ఆఫ్‌లైన్ మ్యాప్‌లు దింపుకుని హ్యాండిల్‌కు బిగించి, కొత్త ఫోన్‌ను జేబులో పెట్టుకోవడం.