సమాధానం: డైక్‌లో పొర్లిన డీజిల్‌ను ఎప్పుడు తెలియజేయాలి?

రాత్రి ట్యాంకు నింపుతుండగా డీజిల్ పొర్లి డైక్‌లో (ఒలికింది బయటికి పోకుండా ట్యాంకు చుట్టూ కట్టిన అడ్డుగోడ లోపల) నిలిచిందని, అది ప్రహరీ దాటితేనే కాలుష్య నియంత్రణ మండలికి చెప్పాలని మీ సూపర్‌వైజర్ అంటున్నారని రాశారు. ఆ అభిప్రాయం సరికాదు. 1974 నాటి నీటి చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం, ప్రమాదవశాత్తు కలుషిత పదార్థం వాగులోకో, బావిలోకో, మురుగు కాలువలోకో, నేల మీదికో చేరినప్పుడే కాదు, చేరే అవకాశం ఉన్నా ఆ స్థలానికి బాధ్యులైనవారు వెంటనే తెలియజేయాలి. వాన కురుస్తోందంటున్నారు కనుక మీకు ఆ అవకాశం కచ్చితంగా ఉంది.

అయితే ఫోన్ చేసేలోపే పంపు ఆపించి, డైక్ డ్రెయిన్ వాల్వు మూసి ఉందో లేదో ఎవరైనా స్వయంగా వెళ్లి తిప్పి చూడాలి. రిజిస్టరులో ‘మూసి ఉంది’ అని రాసి ఉండటం చాలదు. నీళ్లు కొట్టి కడగనివ్వకండి, డీజిల్ మరింత దూరం పాకుతుంది. డైక్‌లో నిలిచినదాన్ని ఆ పనికి అనుమతించిన పంపుతోనే తోడించి, మిగిలిన తడి మీద ఇసుక చల్లించి, ఆ ఇసుకను ప్రమాదకర వ్యర్థంగా విడిగా ఉంచండి.

ఒలికింది పెట్రోలైతే మనుషులను దూరం పంపడమే మొదటి పని. 2009 అక్టోబరు 29న జైపూర్ చమురు డిపోలో పెట్రోలు గంటకు పైగా లీకయ్యాకే ఆవిరి మేఘం పేలింది, 11 మంది చనిపోయారు.

నివేదికలో పొర్లిన పరిమాణాన్ని అంచనాగా రాయకండి. నింపకముందు, తర్వాత తీసిన డిప్ కొలతలను (ట్యాంకులోకి కడ్డీ లేదా టేపు దించి చూసిన ఇంధన మట్టాలను), పంపు చేసిన పరిమాణాన్ని పోల్చి లెక్కగట్టి రాయండి.