మాస్క్ సాఫ్ట్‌వేర్ వేస్తుంది, సరే... మరి మెడ సంగతి?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా లైట్‌రూమ్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పోర్ట్రెయిట్లు ఎడిట్ చేస్తున్నాను. రీటచర్ (ఫొటోలకు మెరుగులు దిద్దే) ఉద్యోగానికి వెళ్తే మూడు ఫొటోలు ట్రయల్‌గా ఇచ్చి, చేశాక "ముఖాలు ప్లాస్టిక్‌లా ఉన్నాయి" అని తిప్పి పంపారు. అవి మీకూ పంపుతున్నాను. ఇప్పుడు కళ్లు, పళ్లు, చర్మం సాఫ్ట్‌వేరే గుర్తుపట్టి మాస్క్ వేసేస్తోంది, అంటే మార్పు పడాల్సిన చోటును అదే ఎంచేస్తోంది. ఇంకా ఈ పని నేర్చుకోవడం దండగా?

జవాబు: మీ ఫొటోలు జూమ్ చేసి చూశాను. మొదటిదాంట్లో నుదురు, బుగ్గలు అద్దంలా నున్నగా ఉన్నాయి. మెడ మీద మాత్రం గీతలూ గరుకుదనమూ ఎక్కడివక్కడే. తల ఒకరిది, మెడ ఇంకొకరిది అన్నట్టుంది. తిప్పి పంపినవాళ్ల కంట పడింది ఇదే అయ్యుంటుంది.

చర్మం మెత్తబరిచే రెడీమేడ్ బ్రష్ వాడినట్టున్నారు. లైట్‌రూమ్‌లో వచ్చే ఆ బ్రష్‌లో క్లారిటీ (వివరాల స్పష్టత) మైనస్ 100 దగ్గర ఉంటుంది. దాన్ని కదపకుండా ముఖమంతా పూసేస్తే ఇలాగే వస్తుంది. క్లారిటీని మైనస్ 20, 30 దాకా తీసుకొచ్చి చూడండి. టెక్స్చర్ (గరుకుదనం) స్లైడర్ కొద్దిగా తగ్గిస్తే ఇంకా నయం, చర్మం చర్మంలాగే ఉంటుంది. ఫ్లో, అంటే ఒక్కసారి పూస్తే పడే మోతాదు, 100 మీద పెట్టొద్దు. 20 దగ్గర పెట్టి, కావాల్సిన చోట రెండు మూడుసార్లు పూయండి. ఫెదర్ (బ్రష్ అంచు మెత్తదనం) ఎక్కువగా ఉంచితే అంచు తెలియదు. కీబోర్డు మీద ఇంగ్లిష్ O కీ నొక్కితే ఎక్కడెక్కడ పూశారో ఎర్రగా కనిపిస్తుంది. కనుబొమల్లోకో పెదవి అంచుకో పోయి ఉంటే ఆల్ట్ పట్టుకుని తుడిచేయండి.

రెండో ఫొటోలో కళ్లు. కంటి తెల్లగుడ్డు మొత్తాన్ని ఒకే మోతాదులో వెలిగించారు. పై రెప్ప నీడ కంటి మీద పడుతుంది కదా, అది పోతే కన్ను గుండ్రటి బంతిలా కాకుండా కాగితం ముక్కలా కనిపిస్తుంది. తెల్లగుడ్డుని దాదాపు వదిలేయండి. కంటి నల్లగుడ్డులో మెరుపు చుక్క పైన ఉంటే, దానికి ఎదురుగా కింది భాగాన్ని మాత్రం ఎక్స్‌పోజర్ (వెలుగు) 0.30 పెంచి చూడండి. పళ్లకైతే ముందు శాచురేషన్ (రంగు గాఢత) తగ్గించాలి, వెలుగు ఆ తర్వాత, అదీ కొంచెమే. మూడో ఫొటో పర్వాలేదు, పుట్టుమచ్చ చెరిపేయడం తప్ప. అడగకుండా దాన్ని ముట్టుకోకూడదు. చర్మం రంగు తెల్లబరచడమూ అంతే.

ఇక మీ అసలు టెన్షన్. లైట్‌రూమ్‌లోకి ఈ బ్రష్ 2008లో వచ్చింది. 2021లో మాస్కింగ్ పద్ధతంతా మారింది, 2022లో ముఖంలోని ఒక్కో భాగాన్నీ అదే ఎంచడం మొదలుపెట్టింది. కాబట్టి కన్ను చుట్టూ ఓపిగ్గా గీత గీయగలగడం ఇక జీతం తెచ్చే విద్య కాదు, ఒప్పుకుందాం. కానీ ఎంత పెంచాలో, ఏది వదిలేయాలో మీరే చెప్పాలి. ముఖం మీద చెయ్యి అడ్డొచ్చినా, కళ్లజోడున్నా, గడ్డం ఉన్నా ఆ మాస్క్ తప్పటడుగు వేయవచ్చు. అప్పుడు దానిలోంచి బ్రష్‌తో తీసేయడం, కలపడం మీ పనే. డార్క్‌రూమ్‌లో తీగకు కట్టిన అట్టముక్కను ప్రింటు కాగితం మీద ఆడిస్తూ నీడలు కొంత వెలిగించిన రోజుల నుంచీ ఈ పని ఇదే.

అందుకని మానొద్దు, కానీ లైట్‌రూమ్ ఒక్కదాంతో ఆగొద్దు. ఫొటోషాప్‌లో హీలింగ్ (మచ్చలు చెరపడం), కర్వ్స్ లేయర్లతో డాడ్జ్ అండ్ బర్న్ (కొన్నిచోట్ల వెలుగు పెంచడం, కొన్నిచోట్ల తగ్గించడం) నేర్చుకోండి. ఒత్తిడిని గుర్తించే పెన్ టాబ్లెట్ చేతికి అలవాటైతే మౌస్ వైపు మళ్లీ చూడరు. ఒకే షూట్‌లోని 40 ఫొటోలు ఒకే తీరున చేసి చూడండి. పనిచ్చేవాళ్లకు ఒక్క అద్భుతమైన ఫొటో కంటే ఇదే ఎక్కువ అవసరం. పోర్ట్‌ఫోలియోలో ఎడిట్‌కు ముందూ తర్వాతా పక్కపక్కన ఉన్న జతలు ఎనిమిదో పదో చాలు. ఫొటోలో ఉన్నవాళ్ల అనుమతి తీసుకునే పెట్టండి.

ముందుగా ఆ మూడు ఫొటోలే మళ్లీ మొదటి నుంచి చేయండి. పూర్తయ్యాక ఒక రాత్రి వదిలేసి, పొద్దున మాస్క్ అమౌంట్‌ను (మార్పుల మొత్తం మోతాదును) ఇంకో 20 శాతం తగ్గించి చూడండి. అదే బాగుందనిపిస్తే మొహమాటపడకుండా అదే చోటికి పంపండి. పంపేముందు మాత్రం ఒకసారి మెడ చూసుకోండి.