చిల్లరలో దాచుకోదగ్గ నాణేలను గుర్తించడం ఎలా?

అనంతపురంలో టీ కొట్టు, కూరగాయల అంగడి, బస్సు కండక్టరు ఇచ్చే చిల్లరలో సేకరించదగ్గ నాణేలు దొరుకుతాయా అని ఒకరు అడిగారు. తప్పక దొరుకుతాయి, ఓపిక ఉండాలి.

ముందుగా నాణెం మీద ముద్రించిన సంవత్సరం కింద చూడండి. అక్కడ చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది, వజ్రం ఆకారం ఉంటే ముంబయిది, గుండ్రని చుక్క ఉంటే నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. ఒకే సంవత్సరపు రూపాయి బిళ్లలను నాలుగు టంకశాలలవీ జత చేయడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. నెలలు పడుతుంది.

తర్వాత స్మారక నాణేలు. తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్లు నిండినప్పుడు 2010లో వచ్చిన 5 రూపాయల బిళ్ల అలాంటిదే. కొన్ని అంగళ్లలో 10 రూపాయల బిళ్లలు తీసుకోవడానికి వెనకాడతారు. మీరు మాత్రం కాదనకండి. 2018 నాటికే వాటిలో 14 నమూనాలు వచ్చాయి, అన్నీ చెల్లుతాయి.

దొరికిన నాణేన్ని చింతపండుతో తోమవద్దు. సహజమైన మెరుపు పోతే సేకర్తల దగ్గర విలువ పడిపోతుంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న మామూలు బిళ్లకు లక్షలిస్తామని ఫోను చేసి, ముందుగా రుసుము కట్టమనేవారిని అసలు నమ్మవద్దు.