తొడ కొట్టమంటే కొట్టు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

నల్గొండ నుంచి మీ మామ ఆశీర్వదించి రాసేది. నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్‌లో చెబితే సగం నువ్వు వినవు, సగం నేను మర్చిపోతాను, అందుకే కాగితం మీద పెడుతున్నా. "నువ్వు మరీ మెత్తన, పొగరు లేనోడు ప్రో కబడ్డీకి పనికిరాడు" అని క్యాంపులో సీనియర్లు అన్నారట. కోహ్లీకి, రొనాల్డోకి పొగరు లేకుంటే అంత ఎత్తుకు పోయేవాళ్లా అని నన్ను అడుగుతున్నావు. ట్రయల్స్ ముందు భలే టెన్షన్ తగిలించుకున్నావు.

పీఈటీగా రిటైరయ్యేదాకా పొగరున్న పిల్లల్ని కావలసినంత మందిని చూశాను. పొగరుండి గెలిచినవాడు టీవీలో కనిపిస్తాడు. పొగరుండి ఓడినవాడు సంక్రాంతి పోటీల్లో రిఫరీతో గొడవ పడుతూ కనిపిస్తాడు. నువ్వు మొదటివాణ్ని మాత్రమే చూసి లెక్క కట్టావు. కోహ్లీనే తీసుకో. కోపిష్టే, కాదనను. కానీ తన జోడీ బ్యాట్స్‌మన్ కొట్టిన బంతికి కూడా రెండో పరుగు కోసం ఎట్లా ఉరుకుతాడో ఎప్పుడైనా గమనించావా? ఆ పరుగులు అతని ఖాతాలో పడవు. ఉత్త పొగరే అయితే కాళ్లు అట్లా కదలవు.

బ్యాడ్మింటన్ సింధు సంగతి నీకు బాగా పనికొస్తుంది. చిన్నప్పటి నుంచీ నెమ్మదస్తురాలు. కోర్టులో నోరు విప్పేది కాదు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు కోచ్ గోపీచంద్ ఆ అమ్మాయిని అకాడమీలో అందరి ముందూ నిలబెట్టి గట్టిగా అరవమన్నాడు. అరిస్తేనే రాకెట్ ముట్టుకోనిస్తానన్నాడు. పాపం ఏడ్చింది, చివరికి అరిచింది. రియోలో ఆ అరుపులు దేశమంతా విన్నది. ఫైనల్లో మొదటి గేమ్ గెలిచి కూడా స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో ఓడిపోయింది. గెలిచిన మారిన్ రాకెట్ వదిలేసి నేల మీద పడి ఏడుస్తుంటే, ఈ అమ్మాయి వెళ్లి ఆమెను లేపి కౌగిలించుకుంది, కింద పడి ఉన్న ఆమె రాకెట్ తీసి పక్కన పెట్టింది. అరిచిందీ ఆ మనిషే, రాకెట్ తీసిందీ ఆ మనిషే. అరుపు ఆటకు కావాలి కాబట్టి నేర్చుకుంది. దానికోసం గుణం మార్చుకోలేదు.

ఇక నీ సంగతి. మొన్న సంక్రాంతికి మన ఊళ్లో నీ ఆట చూశాను. కూతకు పోయినవాళ్లు రెండుసార్లు పాయింట్ లేకుండా తిరిగొచ్చారు, మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకుంటే పోయినవాడు ఔటే. నువ్వు ముందు కెప్టెన్ మొహం చూశావు, తర్వాత పక్కవాడి మొహం చూశావు. ఈలోపు వేరేవాడు గీత దాటాడు. ఊళ్లో అందరూ దాన్ని నీ మంచితనం అనుకున్నారు. నేను అనుకోను. దొరికిపోతే నలుగురూ నవ్వుతారని వెనక్కి తగ్గావు. నన్నడిగితే అదీ అహంకారమే, కాకపోతే మెత్తగా ఉంటుంది. కూత మొదలైన ఆ ముప్పై సెకన్లు మాత్రం అవతల ఏడుగురున్నా నన్నెవడూ పట్టలేడని నువ్వు నమ్మాలి. లేకుంటే కాలు అవతలి కోర్టులో బోనస్ లైన్ దాకా కూడా పోదు. కార్నర్‌లో కూర్చున్నవాడు నీ కళ్లలో ఆ జంకు పసిగట్టి, చీలమండ మీదికి దూకుతాడు.

గీత దాటి ఇవతలికి వచ్చాక ఆ నమ్మకాన్ని అక్కడే వదిలెయ్. దొరికిపోతే లేచి రా. అంతకుముందు నీ కాలు ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకో, సాయంత్రం వీడియోలో చూసుకో. టెన్నిస్ ఫెదరర్ 1,526 సింగిల్స్ మ్యాచ్‌లు ఆడి దాదాపు 80 శాతం గెలిచాడు, కానీ ఆడిన పాయింట్లలో గెలిచింది 54 శాతమే. 2024లో కాలేజీ పిల్లలకు తనే చెప్పుకున్నాడు. అంతటివాడు దాదాపు సగం పాయింట్లు పోగొట్టుకుంటే, నువ్వు ఒక్క పట్టుకే మొహం వేలాడేస్తే ఎట్లా?

అడగాల్సిన చోట మాత్రం మొహమాటపడకు. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2019లో మేరీ కోమ్‌తో ట్రయల్ పెట్టమని ఏకంగా కేంద్ర మంత్రికే లేఖ రాసింది. ఎంత బలుపు అన్నవాళ్లు లేకపోలేదు. ట్రయల్ పెట్టారు, 9-1తో ఓడింది. 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది. "మూడో కూతకు నేను పోతా సార్" అని నువ్వు అడగడానికి దాంట్లో పావు వంతు ధైర్యం చాలు.

డబ్బు గురించి ఇప్పుడే ఎక్కువ ఆలోచించకు. ప్రో కబడ్డీ పదో సీజన్‌కు రైడర్ (కూతకు పోయేవాడు) పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలకు కొన్నది. కూతకు పోయి 200 పైగా పాయింట్లు తెచ్చాడు. అయినా జట్టు అట్టడుగునే నిలిచింది. అంత పెద్ద రైడర్ ఔటై బయట కూర్చున్నా, లోపల డిఫెండర్ ఎవణ్నో ఒకణ్ని పడితేనో, ఇంకో రైడర్ ఎవణ్నైనా తాకి వస్తేనో మళ్లీ మ్యాట్ ఎక్కేది. కాబట్టి కార్నర్లతో, కవర్లతో, అంటే పట్టు పట్టే డిఫెండర్లతో మంచిగా ఉండు. వాళ్ల బూట్లు మోయమనట్లేదు, వాళ్లు మంచి పట్టు పట్టినప్పుడు ముందు నువ్వు లేచి చప్పట్లు కొట్టు.

ఇంక ఆ సీనియర్ల మాట. పొగరంటే నీ నుంచి వాళ్లకు ఏం కావాలో సూటిగా అడుగు. ఇంకాస్త లోపలికి పొమ్మంటే పో, ఆ మాట నిజమే. ఎదుటి జట్టు కుర్రాళ్లను తిట్టమంటే నవ్వి ఊరుకో. తొడ కొట్టమంటే కొట్టు, ఖర్చేం లేదు, జనం కూడా సంతోషిస్తారు. కొట్టాక మాత్రం కూత ఆపకు. పోయినసారి నువ్వు చేసింది అదే, రిఫరీ ఔటిచ్చాడు.

మీ మామ