కొత్తగా ఇంగ్లీషు పాఠం చెప్పబోతున్న అమ్మాయికి

అమ్మా,

ఆశీస్సులు. యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చిందని చెప్పి, ఆ వెంటనే "మాస్టారూ, మొదటి వారం ఏం చెప్పమంటారు?" అని అడిగావు. అది ఫోన్లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నాను. నీకు రెండు పేపర్లు ఇచ్చారు కదా, ఒకటి స్పోకెన్ ఇంగ్లీషు, ఇంకొకటి క్రిటికల్ రీడింగు. టైంటేబుల్లో వాటికి వేరే వేరే పీరియడ్లు ఉంటే ఉండనీ. క్లాసులో మాత్రం వాటిని విడదీయకు. చదివినదాని మీద ఒక అనుమానమో, కోపమో, ఒప్పుకోలో పుడితేనే పిల్లలు నోరు విప్పుతారు. చెప్పడానికి ఏమీ లేనివాడికి వ్యాకరణం ఎంత నేర్పినా మాట రాదు.

మొదటి రోజు సెల్ఫ్ ఇంట్రడక్షన్లు పెట్టకు. "మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ పలాస" అని బట్టీ పట్టిన నాలుగు వాక్యాలే అరవైమంది నోటా వింటావు. కాన్వెంటులో చదివినవాళ్లు గడగడా చెప్పేస్తారు. పాడేరు నుంచో పార్వతీపురం నుంచో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల వాళ్లను విని, ఈ క్లాసు తనది కాదని ఆ గంటలోనే తేల్చేసుకుంటుంది. ఆ పిల్లను మళ్లీ వెనక్కి తేవడానికి ఏడాది పడుతుంది. చిట్టీ తీసి "మై హాబీ" మీద నిమిషం మాట్లాడమనడమూ అంతే. హాబీ గురించి ఎవరికి ఏం పట్టింది?

దానికి బదులు ఒక కాగితం చేతికివ్వు. ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్ల మొదటి పేజీ నిండా కోచింగ్ సెంటర్ల ప్రకటనలు వస్తాయి చూడు, పాస్‌పోర్టు ఫొటోలు, వాటి కింద ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు. హైదరాబాద్ ఇంగ్లీషు పేపర్లలోనూ వస్తాయి. అలాంటిది ఒకటి జిరాక్స్ తీయించు. నీ ముందు కూర్చున్న పిల్లల్లో చాలామంది అలాంటి కాలేజీల్లోంచి వచ్చినవాళ్లే, ఆ పేజీ గురించి నీకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. ఇందులో రాసిందేమిటి, రాయనిదేమిటి అని అడుగు. మొత్తం ఎంతమంది పరీక్ష రాస్తే ఇన్ని ర్యాంకులొచ్చాయి? ఈ అబ్బాయి అక్కడ రెండేళ్లు చదివాడా, చివర్లో టెస్ట్ సిరీస్ మాత్రమే రాశాడా? ఇవి నువ్వు చెప్పకు, వాళ్లనే తవ్వి తీయనీ. తీశాక చెప్పు: 2024 నవంబరులో సీసీపీఏ, అంటే వినియోగదారుల హక్కులు కాపాడే కేంద్ర ప్రభుత్వ సంస్థ, కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు తెచ్చింది, ఫొటో వేస్తే ఆ విద్యార్థి ఏ కోర్సు, ఎంత కాలం చదివాడో, డబ్బు కట్టి చేరాడో లేదో చెప్పాలంది అని. తాము వేసిన ప్రశ్నలే ప్రభుత్వమూ వేసిందని తెలిస్తే ఆ పిల్లల ముఖాలు ఎలా వెలుగుతాయో నువ్వే చూస్తావు.

ఈ తవ్వకం మొదట తెలుగులో జరగనీ. దీనికి మీ డిపార్టుమెంటులో కొందరు ఒప్పుకోరు, అయినా నా మాట విను. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఐదు నిమిషాలు తెలుగులో వాదించుకున్నాక, అదే సంగతి ఇంగ్లీషులో చెప్పమను. ఏం చెప్పాలో అప్పటికే తేలిపోయి ఉంటుంది కాబట్టి శ్రమంతా ఎలా చెప్పాలన్నదాని మీదే పెడతారు. ఆలోచన, భాష రెండూ ఒకేసారి వెతుక్కోమంటే మంచి బుర్ర ఉన్న పిల్ల కూడా మొద్దులా కనిపిస్తుంది. ఆమెకు ఆ అన్యాయం చేయకు.

ఇక మాట్లాడించే పద్ధతి. అరవైమందిలో ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిస్తే ఒకడు మాట్లాడతాడు, యాభైతొమ్మిదిమంది ఫోన్లు చూసుకుంటారు. బెంచీల్ని రెండు వరసలుగా ఎదురెదురు పెట్టు. ఒక వరస వాళ్లు తమ వాదన నాలుగు నిమిషాలు చెప్పాలి, ఎదుటివాళ్లు వినాలి. తర్వాత వినేవాళ్లు ఒక్కో సీటు పక్కకు జరుగుతారు. అదే వాదన కొత్త మనిషికి మూడు నిమిషాల్లో, ఆ తర్వాత ఇంకొకరికి రెండు నిమిషాల్లో. న్యూజిలాండులో భాషాబోధన మీద పనిచేసిన పాల్ నేషన్ ఈ నాలుగు-మూడు-రెండు పద్ధతి గురించి రాశాడు. మొదటిసారి ప్రతి మాట దగ్గరా ఆగిన పిల్లే మూడోసారికి ఆగకుండా చెబుతుంది. క్లాసు సంతలా ఉంటుంది, పక్క గదిలోంచి ఎవరైనా వచ్చి తొంగి చూస్తారు. చూడనీ.

అలా మాట్లాడుతున్నప్పుడు మధ్యలో తప్పులు దిద్దకు. నువ్వు చిన్న నోట్‌బుక్కు పట్టుకుని బెంచీల మధ్య తిరుగు. "ఐ యామ్ హావింగ్ టు బ్రదర్స్", "ఎస్టర్‌డే ఐ హావ్ గాన్" లాంటివి రాసుకో. చివరి పది నిమిషాల్లో, ఎవరు అన్నారో చెప్పకుండా, బోర్డు మీద ఐదారు వాక్యాలు రాసి వాళ్లతోనే దిద్దించు. ఉచ్చారణలో యాస గురించి బెంగపెట్టుకోకు, తెలుగు యాసతో మాట్లాడే ఇంగ్లీషు ప్రపంచమంతా పనిచేస్తోంది. మాటలో ఏ భాగాన్ని ఒత్తి పలకాలన్నది మాత్రం వదలకు, అది తప్పితే బయటివాళ్లకు నిజంగానే అర్థం కాదు. "ఎకానమీ"లో రెండో భాగం, "ఎకనామిక్"లో మూడో భాగం. బల్ల మీద తట్టి చూపిస్తే రెండు నిమిషాల పని. ల్యాబ్‌లో హెడ్‌ఫోన్లు పెట్టి కూర్చోబెట్టడం వినడానికి పనికొస్తుంది, మాట్లాడటానికి ఎదురుగా మనిషి ఉండాలి.

చదివించడానికి నేను ఏ బ్యాచ్‌కైనా తప్పకుండా ఇచ్చే పాఠం ఒకటుంది, నువ్వూ ఇవ్వు. మన దేశంలో ఇంగ్లీషు చదువు కోసం వాదించిన బ్రిటిష్ అధికారి మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడుతూ, భారతదేశమంతా తిరిగాను, ఒక్క బిచ్చగాడూ కనబడలేదు, ఒక్క దొంగా కనబడలేదు అన్నాడని ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తిరుగుతుంటుంది. ముందు దాన్ని ఇచ్చి, నిజమేనా అని అడుగు. చాలామంది నిజమనే అంటారు. అప్పుడు ఆ తేదీ దగ్గర ఆపు. మెకాలే 1834లోనే మద్రాసులో దిగాడు, ఆ ఫిబ్రవరిలో కలకత్తాలో గవర్నర్ జనరల్ కౌన్సిల్లో పనిచేస్తున్నాడు. ఆ కాలంలో ఓడ ప్రయాణానికి నెలలు పట్టేది. ఆ రోజు లండన్‌లో ఎలా మాట్లాడాడు? ఒక్క తేదీతో ఫార్వర్డ్ కూలిపోతుంది. ఈ ఒక్క గంట తర్వాత పిల్లలు ఫోన్లో ఏది చదివినా తేదీ వెతుకుతారు.

మరుసటి క్లాసులో అదే తేదీన మన చదువుల గురించి అతను నిజంగా రాసిన మినిట్, అంటే అధికారిక నోటు, ఇవ్వు, అందులో ఒకటి రెండు పేరాలు చాలు. మంచి యూరపు గ్రంథాలయంలో ఒక్క అర, భారత, అరబ్బు సాహిత్యం మొత్తానికి సమానమన్న మాట అక్కడే ఉంది. దానికి కాస్త పైనే తనకు సంస్కృతంగానీ అరబ్బీగానీ రాదని కూడా ఉంది. ఆ వాక్యం దొరికినప్పుడు క్లాసు లేచి నిలబడుతుంది. అక్కడితో వదిలేయకు, ఇంకో వాక్యం చదివించు: అనువాదాలు చదివానని, ఆ భాషలు తెలిసిన పండితులతో మాట్లాడానని అంటాడు. మరి అది చాలా? భాష రాకుండా సాహిత్యానికి వెల కట్టొచ్చా? మనం రష్యన్ రాకుండా రష్యన్ నవలల్ని మెచ్చుకోవడం లేదా? మనకు నచ్చనివాడు చెప్పినదాంట్లో కూడా బలమైన చోటేదో పట్టుకుని, ఆ తర్వాతే కొట్టాలని పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. నా దృష్టిలో క్రిటికల్ రీడింగంటే ఇదే. తప్పులు పట్టడం దానిలో చిన్న ముక్క.

ఒక పేజీని వారమంతా చదివించడానికి వెనకాడకు. సిలబస్ పూర్తికాదని భయపడితే తేలిక పాఠాలు చదువుకోమని ఇంటికివ్వు. చాట్‌జీపీటీతో రాయించుకుని వస్తారు, రానీ. ఆ ప్రింటవుట్‌నే బల్ల మీద పెట్టి, ఇందులో ప్రతి వాక్యానికీ ఆధారమేదని వాళ్లనే నిలదీయి. నోటితో సమాధానం చెప్పాలి కాబట్టి చదవకుండా తప్పించుకోలేరు.

ఇంటర్నల్ మార్కులు మాటల తీరుకే వేయకు. సగం మార్కులు వాదనకు, ఆధారానికి, ఎదుటివాడి మాటను సరిగ్గా తిరిగి చెప్పినందుకు వెయ్యి. అలా చేస్తే తడబడుతూ మంచి ప్రశ్న వేసిన పిల్లకు, గడగడా ఖాళీ మాటలు చెప్పినవాడికంటే ఎక్కువ వస్తాయి. ఈ సంగతి మొదటి వారంలోనే బోర్డు మీద రాసి చూపించు.

మొదటి వారంలో ప్రతి ఒక్కరూ తమ ఫోన్లోనే రెండు నిమిషాలు రికార్డు చేసి దాచుకోవాలి. నువ్వు వినొద్దు. సెమిస్టరు చివర మళ్లీ రెండు నిమిషాలు చేసి, రెండూ వాళ్లే పక్కపక్కన పెట్టుకుని వింటారు.

దసరాకి ఇటు వస్తే నువ్వు ఎంచుకున్న పేజీలు, వేసిన ప్రశ్నలు వెంట తీసుకురా. ఏ ప్రశ్నకు క్లాసు మూగబోయిందో దాని పక్కన గుర్తు పెట్టుకో, ముందు దాని సంగతే చూద్దాం.

మీ మాస్టారు