వాడని జీమెయిల్ పేరు మనకెందుకు దొరకదు?

రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తీసేయొచ్చు గానీ, ఆ జీమెయిల్ పేరును ఇంకెవరికీ ఇవ్వదు. కారణం భద్రతే. కర్నూలులో ఒకాయన పాత అడ్రస్‌ను బ్యాంకులో, షాపింగ్ యాప్‌లో ఇచ్చి మర్చిపోయాడనుకోండి. అదే పేరు అనంతపురంలో మీకు వస్తే, ఆయన స్టేట్‌మెంట్లు మీ ఇన్‌బాక్స్‌లో పడతాయి. "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కితే ఆ లింకూ మీకే! ఆయన ఖాతాలన్నీ మీ చేతిలో ఉన్నట్టే.

చాలామంది రెండేళ్లు ఆగితే పేరు ఖాళీ అవుతుందనుకుంటారు. కాదు. మధ్యలో చుక్క పెట్టి చూసినా దండగే, జీమెయిల్ చుక్కల్ని లెక్కలోకి తీసుకోదు. పేరు చివర ఊరో, 516001 లాంటి పిన్‌కోడో తగిలిస్తే (ఇది కడపది) దొరకొచ్చు, అదీ ముందే ఎవరూ తీసుకోకుంటే.