మెయిన్‌ఫ్రేమ్ సెషన్లు మధ్యమధ్యలో డ్రాప్ అవుతుంటే ఎక్కడి నుంచి వెతకాలి?

జెడ్/ఓఎస్‌కి (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్) కనెక్ట్ అయిన టీఎన్3270 సెషన్లు (పీసీలో తెరిచే మెయిన్‌ఫ్రేమ్ స్క్రీన్లు) రోజులో ఎప్పుడు పడితే అప్పుడు డ్రాప్ అవుతున్నాయి, పింగ్ (అవతలి మెషిన్ పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) కొడితే బాగానే వస్తోంది, నెట్‌వర్క్ టీమ్ తమ తప్పు కాదంటోంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నా జవాబు: యూజర్ దగ్గర మొదలుపెట్టండి. ఎవరికి పోతోంది, పోయే ముందు వాళ్లు ఏం చేస్తున్నారు, మళ్లీ లాగాన్ అయితే ఏ మెసేజ్ వస్తోంది? ఈ మూడూ తెలియకుండా ట్రేస్ (వచ్చేపోయే ప్యాకెట్ల రికార్డింగ్) పెడితే గుట్టలకొద్దీ డేటా వస్తుంది, అందులో ఏం చూడాలో మాత్రం తెలియదు.

హైదరాబాద్ నుంచి ఒక విదేశీ ఇన్సూరెన్స్ కంపెనీ మెయిన్‌ఫ్రేమ్‌కి సపోర్ట్ చేసేటప్పుడు మాకు అచ్చం ఇదే సమస్య వచ్చింది. వారాల తరబడి బ్రిడ్జ్ కాల్స్ నడిచాయి. నెట్‌వర్క్ వాళ్లు పింగ్ రిపోర్ట్ చూపించేవారు, ఒక్క ప్యాకెట్ కూడా పోలేదని. మేం ఓఎస్‌ఏ కార్డులో (మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డు) ఎర్రర్లు లేవని చూపించేవాళ్లం. చివరికి ఎవరో ఒకరు "ఆదివారం ఐపీఎల్ చేసి చూద్దాం" అనేవారు, ఐపీఎల్ అంటే మెయిన్‌ఫ్రేమ్‌ని రీస్టార్ట్ చేయడం. కారణం తెలియకుండా వేల మంది పని చేసే సిస్టమ్‌ని రీస్టార్ట్ చేద్దామనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మెయిన్‌ఫ్రేమ్ పాతది కాబట్టి తప్పు దానిదే అయ్యుంటుందని ముందే తేల్చేసుకుంటారు. ఆ పెట్టె ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తోందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

నేను కాల్ వదిలేసి, నైట్ బ్యాచ్ చూసే టీమ్ కూర్చునే ఫ్లోర్‌కి వెళ్లాను. అక్కడ ఒక సీనియర్ మేడమ్ ఒక్క ముక్కలో చెప్పేశారు. "చూడండి, నేను పని చేస్తున్నంతసేపూ ఏమీ కాదు. భోంచేసి, షిఫ్ట్ మీటింగ్ కూడా ముగించుకుని వచ్చి ఎంటర్ కొడితే స్క్రీన్ బిగుసుకుపోతుంది. మూసేసి మళ్లీ లాగాన్ అవుదామంటే నా ఐడీ ఇన్ యూజ్ అంటుంది. ఇన్ని రోజుల్లో నన్నెవరూ ఇలా అడగలేదు."

సీటుకి తిరిగొచ్చి మెయిన్‌ఫ్రేమ్‌లో నెట్‌స్టాట్ (ఉన్న కనెక్షన్ల జాబితా చూపే కమాండ్) చూశాను. ఆవిడ పాత కనెక్షన్ ఇంకా ఎస్టాబ్లిష్డ్ అనే ఉంది. అంటే మెయిన్‌ఫ్రేమ్ లెక్కలో ఆవిడ ఇంకా లైన్‌లోనే ఉన్నారు. ఆవిడ పీసీ లెక్కలోనూ ఎంటర్ కొట్టేదాకా కనెక్షన్ బతికే ఉంది. రెండు చివరలూ బతికే ఉండి మధ్యలో దారి మూసుకుపోయిందంటే ఆ పని చేసేది చాలావరకు ఫైర్‌వాలే. కాసేపు కదలిక లేని కనెక్షన్‌ని అది తన టేబుల్‌లోంచి తీసేస్తుంది, చాలాసార్లు రెండు వైపులా మాట మాత్రమైనా చెప్పకుండా. ఇది పింగ్‌లో ఎప్పటికీ కనిపించదు. పింగ్ ప్రతిసారీ కొత్తగా వెళ్తుంది, పాత టీసీపీ కనెక్షన్ గతి ఏమైందో దానికి తెలియదు.

ట్రేస్ పెట్టింది అప్పుడే. మెయిన్‌ఫ్రేమ్‌లో ఆవిడ ఐపీ ఒక్కదానికే ఫిల్టర్ పెట్టి ప్యాకెట్ ట్రేస్, ఆవిడ పీసీలో అదే పని చేసే వైర్‌షార్క్, రెండూ ఒకేసారి. ఎంటర్ ప్యాకెట్ పీసీ నుంచి బయల్దేరి, జవాబు రాక పదేపదే రీట్రాన్స్‌మిట్ అవుతోంది. మెయిన్‌ఫ్రేమ్ వైపు ఒక్కటీ చేరలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టాక ఫైర్‌వాల్ టీమ్ తమ ఐడిల్ టైమవుట్ (ఖాళీ కనెక్షన్‌ని ఎంతసేపు ఉంచుతారో ఆ గడువు) బయటపెట్టింది: 1 గంట. మా టెల్‌నెట్ ప్రొఫైల్‌లో (ఈ సెషన్ల సెట్టింగ్స్ ఫైల్) టైమ్‌మార్క్, అంటే ఖాళీగా ఉన్న క్లయింట్‌ని పలకరించే గడువు, 3 గంటలుంది. అంటే క్లయింట్ ఉన్నాడా లేడా అని మెయిన్‌ఫ్రేమ్ పలకరించే లోపే దారి మూసుకుపోతోంది.

ఖాళీ కనెక్షన్‌ని టీసీపీయే ఇలా పలకరించడాన్ని కీప్‌అలైవ్ అంటారు. దాని డిఫాల్ట్ 2 గంటలకు తగ్గకూడదని 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోనే రాసి ఉంది. జెడ్/ఓఎస్ డిఫాల్ట్ కూడా 120 నిమిషాలే. అడ్రస్ మార్చే నాట్ పెట్టెలు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని 2 గంటల 4 నిమిషాల కంటే ముందు వదిలేయకూడదని 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5382 చెప్పింది. అయినా 1 గంట పెట్టేవాళ్లు బోలెడుమంది. పెట్టుకోండి, సెక్యూరిటీ వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. కానీ ఆ సంఖ్య మెయిన్‌ఫ్రేమ్ టీమ్‌కి చెప్పి పెట్టాలి కదా!

మేం టైమ్‌మార్క్‌ని గంటకు బాగా తక్కువకి, స్కాన్‌ఇంటర్వల్‌ని (ఖాళీ సెషన్ల కోసం ఎంతసేపటికోసారి వెతకాలో) అంతకంటే తక్కువకి దించి ఓబేఫైల్‌తో (రీస్టార్ట్ లేకుండా సెట్టింగ్స్ మార్చే కమాండ్) అమల్లోకి తెచ్చాం. ఒక విషయం గుర్తుంచుకోండి: అప్పటికే ఉన్న కనెక్షన్లు పాత ప్రొఫైల్‌తోనే నడుస్తాయి, కొత్తగా లాగాన్ అయిన వాళ్లకే మార్పు వర్తిస్తుంది. ఇది చెప్పకపోతే మర్నాడే "ఫిక్స్ పనిచేయలేదు" అని టికెట్ వస్తుంది. మార్చిన లైన్ పక్కన ఎందుకు మార్చారో కామెంట్ కూడా రాయండి. మా ప్రొఫైల్‌లో ఆ 3 గంటలు ఎవరు, ఎందుకు పెట్టారో చెప్పగలిగిన మనిషి ఎప్పుడో రిటైర్ అయిపోయాడు.

మీ వాళ్లకి ఖాళీగా ఉన్నప్పుడు కాకుండా పని మధ్యలో, అదీ పెద్ద రిపోర్ట్ తెరిచినప్పుడో ఫైల్ ట్రాన్స్‌ఫర్‌లోనో హ్యాంగ్ అవుతుంటే అది వేరే కథ, ఎంటీయూ (ఒక్కసారి పంపగల ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) చూడండి. ఓఎస్‌ఏ వైపు 8992 ఉండి, దారిలో ఎక్కడో 1500 ఉండి, ఆ సంగతి చెప్పే ఐసీఎంపీ మెసేజ్‌ని ఫైర్‌వాల్ ఆపేస్తుంటే చిన్న పింగ్ హాయిగా వెళ్తుంది, పెద్ద ప్యాకెట్ మాత్రం మాయమవుతుంది. పింగ్‌ని లెంగ్త్ పెంచి, పీఎంటీయూ ఆప్షన్‌తో (దారిలో ఎంత సైజు పడుతుందో చూసేది) కొట్టి చూడండి. అందరికీ ఒకే క్షణంలో పోతుంటే మాత్రం సిస్‌లాగ్‌లో (సిస్టమ్ మెసేజ్‌ల లాగ్) ఆ నిమిషానికి వచ్చిన, ఈజెడ్‌జెడ్, ఐఎస్‌టీ అని మొదలయ్యే నెట్‌వర్క్ మెసేజ్‌లు, స్విచ్ పోర్ట్, రూటింగ్ చూడాలి.

మీ యూజర్లలో కనీసం ఇద్దరిని అడిగి, మొదట్లో అడిగిన మూడు ప్రశ్నలకీ జవాబులు కింద రాయండి. ఫైర్‌వాల్ ఐడిల్ టైమవుట్ ఎంతో కూడా కనుక్కుని రాస్తే మీ సమస్య ఖాళీగా ఉన్నప్పుడు పోయేదా, పని మధ్యలో పోయేదా, అందరికీ ఒకేసారి పోయేదా నేను చెప్తాను.